ఎవరూ ఎదురుచూడని ఊరికి

ప్రయాణానికి కారణం ఉండి తీరాలన్నది మా ఇంటి అలిఖిత శాసనం. పెళ్ళి, పురుడు, పుణ్యం, పరామర్శ. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చూపించకుండా మా నాన్నగారి తరంలో ఎవరూ ఊరి పొలిమేర దాటిన గుర్తు లేదు. మా తరానికి ఐదోది కలిసింది, ఉద్యోగం. దాన్ని పట్టుకునే నేనూ మావారూ తెనాలి నుంచి మిషిగన్ దాకా వచ్చిపడ్డాం. వచ్చాక మాత్రం ఏం మారింది? ఇండియా వెళ్ళామంటే ఎవరిదో పెళ్ళి, కాకపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదు. సియాటిల్ వెళ్ళామంటే అమ్మాయి పురుడు. పిట్స్‌బర్గ్ వెళ్ళామంటే వెంకటేశ్వరస్వామి. ఊరికే ఎక్కడికీ వెళ్ళలేదు. ఊరికే వెళ్ళడం మాకు చేతకాదు.

మావారు రిటైరై, ఇంట్లో బాగుచెయ్యడానికి ఇక ఒక్క కుళాయి కూడా మిగలని దశకి చేరుకున్నాక, ఒకరోజు భోజనాల దగ్గర, "ఈ చలికాలం మోటార్‌హోమ్ వేసుకుని మెక్సికో పోదామా?" అన్నారు. నా నోటికి మొదట వచ్చిన మాట, "అక్కడ మనకెవరున్నారండీ?"

"ఎవరూ లేరు. అందుకే," అన్నారాయన.

ఆ జవాబు మింగుడుపడటానికి నాకు ఇంచుమించు ఆ చలికాలమంతా పట్టింది.

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఇదేమీ వింత కాదు. ఆకులు రాలడం మొదలవగానే రిటైరైనవాళ్ళు దక్షిణానికి కదులుతారు. వీళ్ళని స్నోబర్డ్స్ అంటారు. కొందరు ఫ్లోరిడా, కొందరు అరిజోనా, ఇంకొందరు సరిహద్దు దాటి మెక్సికో. కెనడావాళ్ళయితే క్యాలెండర్ దగ్గర పెట్టుకుని మరీ వెళ్తారు. ఒంటారియోలో ఉండేవాళ్ళు పన్నెండు నెలల్లో కనీసం 153 రోజులు సొంత రాష్ట్రంలో గడపకపోతే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా చేజారుతుంది. మా వీధిలోనూ నవంబర్ నుంచి దీపం వెలగని ఇళ్ళు కొన్ని ఉండేవి. ఆ ఇళ్ళ ముందు నడుస్తూ, "పాపం, పండక్కి కూడా పిల్లలు రాలేదు కాబోలు," అని జాలిపడేదాన్ని. వాళ్ళు ఆ సమయానికి ఏ సముద్రం ఒడ్డునో పడక్కుర్చీలో ఉన్నారని నాకేం తెలుసు!

విజయవాడ నుంచి మా పెద్దాడపడుచు ఫోన్ చేసింది. ఆవిడకి కబురు ఎవరు చేరేశారో గానీ, గొంతులో ఆందోళన.

"మెక్సికోలో ఏముంది అమ్మాయ్? గుడుందా?"

"లేదు వదినా."

"పోనీ మనవాళ్ళెవరైనా?"

"లేరు వదినా."

"మరి ఆ బస్సులో కాపురం పెట్టి అంతదూరం దేనికే? మావాడికి బుద్ధి లేకపోతే నీకైనా ఉండొద్దూ?"

"పళ్ళు కట్టించుకోవాలి వదినా. ఇక్కడికంటే అక్కడ చాలా చవక."

"అదీ! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అని ఆవిడ స్థిమితపడి, నాలుగు కేజీల కందిపొడి పంపమంటావా అని అడిగింది.

మోటార్‌హోమ్ గురించి సినిమాలు చెప్పని సంగతి ఒకటుంది. మిషిగన్ చలికి దాని గొట్టాల్లో నీళ్ళుంటే గడ్డకట్టి పగులుతాయి. అందుకని శీతాకాలం రాకముందే గొట్టాల్లో గులాబీరంగు యాంటీఫ్రీజ్ నింపి ఉంచుతారు. కాబట్టి ఉత్తరం నుంచి బయలుదేరేవాళ్ళకి మొదట్లో చక్రాల మీద ఇల్లయితే ఉంటుంది గానీ ఇంట్లో నీళ్ళుండవు. మిసోరీ, ఓక్లహోమా, టెక్సస్, న్యూమెక్సికో అన్నీ క్యాన్లలో నీళ్ళు పెట్టుకునే దాటాం. అరిజోనా ఎడారి పల్లానికి దిగి, రాత్రుళ్ళు కూడా నీరు గడ్డకట్టదని నమ్మకం కుదిరాకే కుళాయి తిప్పాం. ముందు గులాబీరంగు, తర్వాత నురగ, ఆ తర్వాత తేటనీళ్ళు. నాకు దక్షిణం వచ్చిందని తెలిసింది మ్యాపు చూసి కాదు, వంటగట్టు మీది ఆ కుళాయి చూసి.

మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చెయ్యడం ఆయన వంతు. మోటారు కంపెనీలో ఇంజన్ల మీద మంచి హోదాలో పనిచేసిన మనిషి రబ్బరు గ్లవుజులు తొడుక్కుని, వంగి, లావుపాటి గొట్టం బిగిస్తూ, "మా నాన్న చూస్తే ఏమనేవాడో," అన్నారు. "ఆయన సంగతి సరే, మీ అక్కయ్య చూస్తే?" అన్నాను. ఆ రోజు నుంచి విజయవాడకి వీడియో కాల్ చేసే ముందు బండి ఎక్కడ ఆగి ఉందో చూసుకునేవారు.

మిషిగన్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. ఆయన టీవీ పైన, నాది కింద. కోపమొస్తే అంతస్తు మారితే చాలు, ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. పాతికడుగుల బండిలో అలకపాన్పుకి చోటేదీ? అలిగిన మనిషిని పక్క సీట్లోనే కూర్చోబెట్టుకుని రోజంతా పోవాలి. పైగా దారి చెప్పాల్సింది ఆ మనిషే. నేను మౌనం పాటించిన ఒక పూట మేము తిరగాల్సిన మలుపు చాలా ఊళ్ళ వెనక్కి పోయింది.

అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు చలికాలంలో చూడాలి. ఊరి పక్కన ప్రభుత్వానికి చెందిన ఎడారి ఉంది. మేము వెళ్ళినప్పుడు, సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకూ సీజను మొత్తానికి 180 డాలర్లు కడితే అక్కడ బండి పెట్టుకోనిచ్చేవారు. కరెంటు లేదు, గోడల్లేవు. ఎటు చూసినా మోటార్‌హోమ్‌లు, వాటి ముందు మడతకుర్చీలు, వాటిలో నెరిసిన తలలు. మా తెలుగు సంఘం సమావేశాల్లో రిటైరైనవాళ్ళు కలిస్తే మొదటి ప్రశ్న, "ఎక్కడ చేసేవారండీ?" రెండోది, "పిల్లలేం చేస్తున్నారు?" ఈ ఎడారిలో ఆ రెండూ ఎవరూ అడగలేదు. ఏ దారిన వచ్చారు, నీళ్ళెక్కడ పట్టారు, గాలి ఎక్కడ ఎక్కువ, డీజిలు ఎక్కడ తక్కువ. ఇవే మాటలు. ఒకాయన ఏళ్ళ తరబడి రాసుకున్న నోటు పుస్తకం చూపించాడు. ప్రతి మజిలీకీ ఒక పేజీ.

నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొచ్చారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరారు. దారిపొడుగునా నీటివసతి ఎలా ఉంది, అంగళ్ళున్నాయా, దారి రాయా మట్టా అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయారు. క్వార్ట్‌జ్‌సైట్ పెద్దాయన కూడా అదే శ్రద్ధతో రాసుకున్నాడు. వీరాస్వామయ్యగారికి చివర కాశీ ఉంది, ఈయనకి లేదు. లేకపోయినా పుస్తకం ఆగలేదు. ఇది తెలివితక్కువో వేదాంతమో అప్పటికి నేను తేల్చుకోలేకపోయాను.

ఆ ఊరి శ్మశానంలో రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడ్ ఉంది. దాని కొన మీద రాగిరేకు ఒంటె. అది హాజీ అలీ సమాధి. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారి దారుల్లో సామాను మొయ్యడానికి ఒంటెలు తెప్పించింది. వాటితో పాటు తోలేవాళ్ళనీ తెప్పించింది. ఇంతలో అంతర్యుద్ధం వచ్చింది, ఒంటెల పథకం మూలపడింది. అలా వచ్చిన హాజీ అలీ మాత్రం ఇక్కడే ఉండిపోయి, 1902లో ఇక్కడే పోయాడు. స్థానికులు పేరు పలకలేక 'హై జాలీ' చేశారు. పని కోసం తెచ్చారు, పని రద్దయింది, మనిషి మిగిలిపోయాడు. మావారు ఆ పిరమిడ్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. ప్రదక్షిణమా అని అడిగితే మాట్లాడలేదు.

ఆలోచిస్తే మమ్మల్నీ ఈ దేశం రానిచ్చింది పని కోసమే. 1965లో వలస చట్టం మారి చదువుకీ నైపుణ్యానికీ తలుపు తెరిచాక మాలాంటివాళ్ళం వచ్చాం. ప్రతి కాగితంలోనూ 'ఏ పని మీద' అని ఒక గడి ఉండేది. కాన్సులేట్లో అదే, విమానాశ్రయంలో అదే. ఆ గడి నింపడం ఎంత అలవాటయిందంటే, పౌరసత్వం వచ్చి, ఇల్లు కట్టుకుని, పింఛను మొదలయ్యాక కూడా లోపల ఎవరో పెన్ను పట్టుకుని అడుగుతూనే ఉన్నట్టుండేది. ఇంట్లో మంచుకాలంలో ఊరికే కూర్చున్నా అపరాధంలా తోచేది. అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, వచ్చి రెండు నెలలుండవూ, నాకు ఇబ్బందిగా ఉంది," అంటే గుండె తేలికపడేది. అమ్మయ్య, మా అవసరం ఉంది.

సరిహద్దు దగ్గరి యూమా ఊళ్ళో ఈ గడి సంగతి ఇంకోలా ఎదురైంది. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో అధికభాగం ఆ చుట్టుపక్కల పొలాల్లోదే. ఇంకా తెల్లవారకముందే మెక్సికో వైపునుంచి కూలీలు సరిహద్దు దాటి, బస్సులెక్కి, లెట్యూస్ కోతకి వస్తారు. మాలాంటివాళ్ళం పని లేక దక్షిణానికి దిగుతుంటే వాళ్ళు పనికోసం ఉత్తరానికి వస్తున్నారు. వాళ్ళలో నెరిసిన తలలు కూడా ఉన్నాయి. ఊరికే ప్రయాణించడం ఎంత ఖరీదైన సంగతో నాకు డీజిలు బిల్లు చూస్తే కాదు, ఆ బస్సులు చూస్తే తెలిసింది.

అక్కడికి పడమటనే ఇంపీరియల్ లోయ. 1910ల నుంచి ఈ లోయలో పంజాబీ రైతులుండేవారు. కాలిఫోర్నియా 1913లో చేసిన చట్టం పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళకి భూమి దక్కకుండా చేసింది. వలస చట్టాలు ఊళ్ళో ఉన్న భార్యల్ని తెచ్చుకోనివ్వలేదు. వాళ్ళలో చాలామంది మెక్సికన్ స్త్రీలని పెళ్ళాడి, పత్తి పండించి, రోటీ, మెక్సికన్ రొట్టె తోర్తియా ఒకే పొయ్యి మీద కాల్చుకుంటూ ఇక్కడే స్థిరపడ్డారు. 1956లో అమెరికన్ కాంగ్రెస్‌కి ఎన్నికైన దలీప్ సింగ్ సౌంద్ ఈ లోయలో సేద్యం చేసినవాడే. మేము వేడుకకి దాటబోతున్న ఈ సరిహద్దు వాళ్ళకి కాపురం.

ఇక పళ్ళ సంగతి. యూమా పక్కనే సరిహద్దుకి అవతల లోస్ అల్గోదోనెస్ అనే ఊరుంది. వీధివీధినా పంటి డాక్టర్లు, కళ్ళజోళ్ళ దుకాణాలు, మందుల షాపులు. అమెరికాలో అరవై అయిదు దాటినవాళ్ళకి ఉండే మెడికేర్ మామూలుగా పళ్ళ జోలికి రాదు. అందుకని ముసలివాళ్ళు అమెరికా వైపు క్వెచాన్ ఆదివాసీల పార్కింగ్ స్థలంలో బండి పెట్టి, నడిచి దాటి, పంటికి క్యాప్ వేయించుకుని, మధ్యాహ్నానికి తిరుగు క్యూలో నిలబడతారు. మావారూ అలాగే వేయించుకున్నారు. "వదినకి చెప్పిన పని అయిపోయింది. ఇక ఇంటికి పోదామా?" అన్నాను. ఆయన నవ్వలేదు. నోరు ఇంకా మొద్దుబారే ఉంది.

తెకాతే దగ్గర సరిహద్దు దాటి, ఎన్సెనాదా మీదుగా బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలోకి దిగాం. తిహువానా నుంచి కాబో సాన్ లూకాస్ దాకా 1,711 కిలోమీటర్ల ఒకే రోడ్డు. అది పూర్తయింది 1973 డిసెంబర్‌లో. చాలాచోట్ల ఇటొకటి అటొకటి రెండే వరసలు, పక్కన అంచు లేదు, చక్రం జారితే పల్లం. మిషిగన్ స్నేహితులు దొంగల గురించీ ముఠాల గురించీ భయపెట్టి పంపారు. ఆ భయం ఉత్తది కాదు, వార్తలు మేమూ చదువుతాం. కానీ అక్కడికి ఏళ్ళుగా వస్తున్నవాళ్ళు ఒకే మాట చెబుతారు, చీకటి పడ్డాక బండి తియ్యొద్దు. వాళ్ళు చెప్పే కారణం ముందు ఆవులు. రాత్రి రోడ్డు వెచ్చగా ఉంటుందని వచ్చి పడుకుంటాయి.

మావారికి ఆ రోడ్డు మీద వయసు తగ్గింది. కొండ మలుపుల్లో ముందున్న లారీ ఎడమ ఇండికేటర్ వేస్తే, దారి ఖాళీగా ఉంది, దాటిపో అని అర్థం. మన లారీవాళ్ళు కుడి ఇండికేటర్ వేసి చెప్పేది ఇదే. పెట్రోలు బంకుల్లో మనమే పట్టుకునే అమెరికా పద్ధతి లేదు. కుర్రాడొచ్చి, మీటరు సున్నా చూపించి, అప్పుడు కొడతాడు. ఊరు రాగానే స్పీడ్ బ్రేకర్లు, బోర్డు ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. తాగే నీళ్ళు ఇరవై లీటర్ల క్యాన్లలో. "అమెరికాలో నలభై ఏళ్ళు డ్రైవింగ్ మర్చిపోయానే. ఇప్పుడు మళ్ళీ వచ్చింది," అన్నారు.

సైనికుల తనిఖీలు దారిలో చాలానే. తుపాకులూ మత్తుమందులూ వెతుకుతారు. మా రంగు చూసి ముందు స్పానిష్‌లో గబగబా మాట్లాడేవారు. తర్వాత నిదానంగా అవే రెండు ప్రశ్నలు. ఎక్కడి నుంచి? ఎక్కడికి? మొదటిదానికి మిషిగన్ అనేవాళ్ళం. రెండోదానికి మావారు చేత్తో దక్షిణం చూపించేవారు. మీసాలు కూడా సరిగా రాని ఆ కుర్ర సైనికులకి అది చాలేది. జీవితంలో మొదటిసారి ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఎవరూ వెనక్కి పంపలేదు.

ఎల్ రొసారియో దాటాక సుమారు 300 కిలోమీటర్లు పెట్రోలు బంకు లేదు. కతావిన్యా దగ్గర రోడ్డు పక్క పీపాల్లోంచి అమ్ముతారు, నమ్మితే. ఆ దారిలో ఇంటి ఎత్తు బండరాళ్ళు, ప్రపంచంలోకెల్లా పెద్ద జాతి నాగజెముళ్ళు, మధ్యలో సిరియో అనే చెట్లు. సిరియో మాత్రం ఎవరో ముల్లంగిని తలకిందులుగా పాతిపెట్టినట్టు ఉంటుంది. ఫోన్ సిగ్నల్ లేదు, రేడియో లేదు. మా దగ్గరున్న పాటలన్నీ అప్పటికి అరిగిపోయాయి. అక్కడ, నేను అడక్కుండానే, మావారు చెప్పారు. తొంభైల్లో ఒక ఏడు, వాళ్ళ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నప్పుడు, రేపో మాపో తన పేరు వస్తుందని తెలిసి, సాయంత్రాలు పార్కింగ్ స్థలంలో కారులోనే కూర్చుని, ముఖం మామూలు చేసుకుని ఇంటికొచ్చేవారట. ఆ ఏడు మేము అబ్బాయి పుట్టినరోజు ఘనంగా చేశాం. నాకు బాగా గుర్తు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమండీ?"

"చెప్పే పని పడలేదు," అన్నారు.

ఆయన మీద కోపం రాలేదు. మా ఇద్దరి మాటలూ ఇన్నేళ్ళుగా పనుల చుట్టూనే తిరిగాయన్నది మాత్రం గట్టిగా తగిలింది. బిల్లు కట్టారా, పాలు తెచ్చారా, పిల్లాడి ఫీజు, అత్తయ్య మందులు. పని లేని మాటకి పని లేని దారి కావాలేమో.

28వ అక్షాంశం దగ్గర రాష్ట్రం మారుతుంది, గడియారం గంట ముందుకి జరుగుతుంది. గెర్రేరో నెగ్రో ఊరంతా ఉప్పు. ప్రపంచంలోని అతిపెద్ద ఉప్పు కొఠార్లలో ఒకటి అక్కడుంది. ఆ పక్కనే ఓహో దె లియెబ్రే అనే ఉప్పుటేరు. మేము తిమింగలాలు చూసింది ఇక్కడే.

బూడిదరంగు తిమింగలాలు ఉత్తరధ్రువం వైపున్న బేరింగ్, చుక్చీ సముద్రాల్లో వేసవంతా తిని, చలికాలానికి బాహా తీరంలోని ఈ వెచ్చటి మడుగులకి వస్తాయి. రానూపోనూ 16 వేల కిలోమీటర్లు తక్కువ కాదు. దేనికి వస్తాయయ్యా అంటే పురుడు పోసుకోవడానికి! పదిహేనడుగుల పిల్లని కని, కొవ్వు నిండిన చిక్కటి పాలిచ్చి, ఈత నేర్పి, వసంతానికి వెంటబెట్టుకుపోతాయి. ఇక్కడున్నన్నాళ్ళూ తల్లి దాదాపు ఏమీ తినదు. మన బాలింత పథ్యాలు దాని ముందు ఏపాటి! పడవలో నేను పడీపడీ నవ్వుతుంటే పడవ నడిపే జాలరికి అర్థం కాలేదు. ఆ నీళ్ళలో ఉన్న ముసలీ ముతకా, ఆడా మగా, తిమింగలమూ జాలరీ, అందరూ పని మీద వచ్చినవాళ్ళే. ఊరికే వచ్చింది మేమిద్దరమే.

ఒక తల్లి పడవ పక్కనే తేలింది. దాని కన్ను నీటికి కాస్త కింద, మా వైపే. పిల్లని ముక్కుతో మా వైపు నెట్టింది. 1857-58 చలికాలంలో చార్లెస్ స్కామన్ అనే తిమింగలాల వేటగాడు ఈ మడుగులోకి వేట పడవలు తెచ్చాడు. పిల్లని కాపాడుకోవడానికి పడవల్ని బద్దలు కొట్టిన ఈ తల్లుల్ని వేటగాళ్ళు 'దయ్యపు చేప' అన్నారు. జాతి అంతరించే దాకా వచ్చి, 1946 నాటి అంతర్జాతీయ ఒప్పందం అడ్డుపడ్డాక తెప్పరిల్లింది. 1972లో ఇంకాస్త దక్షిణాన సాన్ ఇగ్నాసియో మడుగులో పచీకో మయోరాల్ అనే జాలరి పడవ దగ్గరికి ఒక తిమింగలం తనంతట తనే వచ్చింది. ఆయన భయపడుతూనే చెయ్యి చాచి తాకాడు. అక్కణ్ణుంచి మొదలైంది ఈ స్నేహం. అయితే 2016లో 27 వేలకి చేరిన వీటి సంఖ్య 2025 నాటికి 13 వేల ప్రాంతానికి పడిపోయింది. ఉత్తరాన మంచు తీరు మారి తిండి తగ్గడమే ముఖ్యకారణమంటున్నారు. పుట్టే పిల్లలూ తగ్గాయి. ఈ పురిటిల్లు భద్రంగానే ఉంది. కష్టం వంటిల్లు ఉన్న చోట.

ములేహే దాటాక కన్సెప్సియోన్ అఖాతం ఒడ్డున చాలా రోజులు ఆగిపోయాం. ఇసుక మీదే బండి, ముందు తాటాకుల పందిరి, రోజుకింత అని అద్దె. మూడో రోజుకి మావారిలో గుంటూరు జిల్లా నిద్రలేచింది. "ఇక్కడ గజం ఎంతుంటుందో?" అన్నారు. మెక్సికో 1917 రాజ్యాంగం తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు విదేశీయులకి భూమి మీద నేరుగా హక్కు ఇవ్వదని, బ్యాంకు ట్రస్టు ద్వారా మాత్రమే తీసుకోవచ్చని పక్క బండి కెనడా ఆయన చెప్పాడు. మావారు చాలాసేపు సముద్రం వైపు చూశారు. కొనలేని చోట ఉండటం ఆయన ఆరోగ్యానికి మంచిది చేసింది.

శాకాహారులకి అక్కడ కాస్త కష్టం. చిక్కుడుగింజల ముద్దలోనూ పందికొవ్వు కలుస్తుంది. కానీ మొక్కజొన్న తోర్తియాలు, అవకాడో, రకానికొక మిరపకాయ ఉన్నప్పుడు ఆకలికి భయం లేదు. గుంటూరు మిరపకి పుట్టిల్లు ఈ దేశమే కదా. దానికి బదులా అన్నట్టు, ప్రతి హోటల్లోనూ హమాయికా అనే ఎర్రటి పుల్లటి చల్లనీళ్ళు ఇస్తారు. అది ఏమిటని కనుక్కుంటే ఎర్రగోంగూర జాతే! పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి కాస్తారు. ఆకు సంగతి వాళ్ళకి పట్టదు, ఆ రేకుల సంగతి మనకి పట్టదు. ఇద్దరం సగం సగం పారేస్తున్నాం.

తోర్తియాలు అమ్ముతూ ఒకావిడ రోజూ వచ్చేది. మా వయసే. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతో స్నేహమైంది. ఒకరోజు అడిగింది, పిల్లలు లేరా అని. ఉన్నారు, ఇద్దరు, మనవలు కూడా అన్నాను. మరి పండగ వెళ్ళగానే వాళ్ళని వదిలేసి ఇక్కడేం చేస్తున్నారంది. విజయవాడ వదిన కళ్ళే ఆవిడవి. ఆ రోజు నాకు రెండు రొట్టెలు ఎక్కువ ఇచ్చింది. జాలితోనని అర్థమైంది. ఆవిడ ఇంట్లో నాలుగు తరాలు ఒకే పెరట్లో ఉన్నాయట. మాలాంటివాళ్ళ దేశంలోకే వచ్చాం, అమెరికన్లలా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

ఆవిడదే సరైన బతుకేమోనని ఆ రాత్రి అనిపించింది. తెల్లారేసరికి అనిపించలేదు. ఆవిడకి పిల్లల దగ్గర ఉండటానికి పిలుపు అక్కర్లేదు. మాకు కావాలి. వేల మైళ్ళ అవతల పెరిగిన పిల్లలు మమ్మల్ని పిలవాలంటే వాళ్ళకి కష్టం రావాలి, లేదా సెలవు దొరకాలి. పిలుపు కోసం కనిపెట్టుకుని కూర్చోవడానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాం గానీ, అందులో సగం పని కోసం ఎదురుచూపు. ఆ అఖాతం ఒడ్డున మాతో ఎవరికీ పని లేదు. ఉదయం ఆయన కాఫీ పెట్టి ఇచ్చేవారు, డికాక్షన్ పలచగానే ఉండేది. అమ్మాయికి రోజూ ఫోటో పంపేదాన్ని. కొన్నాళ్ళకి అది ఇబ్బందులు చెప్పడానికి కాకుండా, ఇవాళ ఏం చూశావమ్మా అని అడగడానికి ఫోన్ చెయ్యడం మొదలెట్టింది.

వెళ్ళాలని ఉన్నవాళ్ళకి నాకు తెలిసిన సంగతులు చెబుతాను. అమెరికా కారు బీమా మెక్సికోలో చెల్లదు, అక్కడి బీమా సరిహద్దుకి ముందే కొనుక్కోండి. మెడికేర్ కూడా అక్కడ పనిచెయ్యదు, ప్రయాణ బీమా విడిగా తీసుకోండి. బండిలో తుపాకీ గానీ ఒక్క తూటా గానీ లేకుండా చూసుకోండి. బాహాలో కనిపించిన ప్రతి బంకులోనూ ట్యాంకు నింపండి. చీకటి పడకముందే ఆగండి. భార్యాభర్తల్లో ఒకరికే స్టీరింగ్ వస్తే రెండోవాళ్ళు ముందు నేర్చుకోండి, ఇద్దరికీ మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే బయలుదేరండి. పిల్లలు తిరిగి ఎప్పుడొస్తారని అడుగుతారు. తారీఖు మాత్రం చెప్పకండి.